పండులో రసం, అంచులో కరకర

జూలై వచ్చిందంటే అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ట్రావర్స్ సిటీ చుట్టుపక్కల తోటల్లో ఒక యంత్రం తిరుగుతూ ఉంటుంది. చెర్రీ చెట్టు మొదలును ఇనుప చేతుల మధ్య బిగించి కొన్ని సెకన్లపాటు గట్టిగా ఊపుతుంది. పండ్లన్నీ కింద పరిచిన పట్టా మీద జలజలా రాలి, అక్కణ్ణించి చల్లటి నీళ్ల తొట్టెల్లోకి దొర్లుతాయి. ఇవి మాంట్‌మొరెన్సీ రకం పుల్ల చెర్రీలు. తోలు పలుచన, కండ మెత్తన. పచ్చిగా ఎక్కువ కాలం నిలవవు కాబట్టి చాలావరకు గింజ తీసి గడ్డకట్టిస్తారు, లేదా డబ్బాలకెత్తుతారు. అమెరికాలో పండే పుల్ల చెర్రీల్లో అధిక భాగం ఈ ఒక్క రాష్ట్రానిదే. వీటికి పేరు తెచ్చింది మాత్రం 'చెర్రీ పై' అనే వంటకం. అడుగున మైదా, వెన్న కలిపిన పొర, మధ్యలో చెర్రీలు, పైన మరో పొర. మొత్తాన్ని అవెన్‌లో కాలుస్తారు.

1987 జూలైలో ట్రావర్స్ సిటీవాళ్లు 17 అడుగులకు మించి వెడల్పున్న పళ్లెంలో ఒకే ఒక చెర్రీ పై కాల్చారు. దాని బరువు 28,000 పౌండ్లు దాటింది. అంటే 12 టన్నుల పైమాటే. మూడేళ్ల తర్వాత కెనడాలోని ఆలివర్ అనే ఊరు 20 అడుగుల పళ్లెంతో ఆ రికార్డును దాటేసింది. రికార్డుల మాట ఎలా ఉన్నా, వంటింటి శాస్త్రానికి ఇక్కడొక మంచి ప్రశ్న దొరుకుతుంది. పుల్ల చెర్రీలో దాదాపు 86 శాతం నీరే. మరి ఆ నీరంతా ఎక్కడికి పోయింది?

వేసవి పండ్లన్నిటిదీ ఇదే కథ. స్ట్రాబెర్రీలో నీరు 91 శాతం, పీచ్‌లో 89, ప్లమ్‌లో 87, ఆప్రికాట్‌లో 86, మామిడిలో 83. ఒక కిలో మామిడి ముక్కల్ని పళ్లెంలో పరిచి వేడి అవెన్‌లో పెట్టడమంటే ముప్పాతిక లీటరుకు మించిన నీళ్లను పిండి పొర మీద పోసి, అది కరకరలాడాలని కోరుకోవడమే. ఇంట్లో పండ్ల పేస్ట్రీ చేసేవారి నేర్పంతా ఈ నీటిని అదుపులో పెట్టడంలోనే ఉంది. పిండి కలపడం, చక్కెర చల్లడం, అవెన్ వేడి, చివరికి కోసే ముందు ఆగడం... ఏ మెట్టు దగ్గర చూసినా లెక్క నీటిదే.

గుల్లదనం, పొరలు

ముందు అడుగు పొర సంగతి. మైదా 200 గ్రాములు, వెన్న 100 నుంచి 120 గ్రాములు, మూడు నాలుగు చెంచాల మంచునీళ్లు, చిటికెడు ఉప్పు. ఇంతకుమించి ఏమీ అక్కర్లేదు. కానీ అవే నాలుగు వస్తువులతో ఒకరి చేతిలో గుల్లగా విరిగే పొర వస్తుంది, ఇంకొకరి చేతిలో తోలులా సాగే పొర వస్తుంది. ఈ తేడాకు కారణాన్ని మొదట చేతిలోకి తీసి చూపించిన మనిషి ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన యాకోపో బార్తొలోమెయో బెక్కారి. గోధుమపిండి ముద్దను నీళ్లలో పదేపదే కడిగితే తెల్లటి పిండి పదార్థం కొట్టుకుపోయి, సాగే జిగురు ముద్ద ఒకటి మిగులుతుందని 1728లో ఆయన వివరించాడు. 1745లో అది అచ్చయింది. ఆ జిగురే గ్లూటెన్. మైదాలో ఉండే గ్లూటెనిన్, గ్లయడిన్ అనే రెండు ప్రోటీన్లు నీరు తగలగానే ఒకదాన్నొకటి పెనవేసుకుని వలగా మారతాయి. మర్దించే కొద్దీ ఆ వల బిగుస్తుంది. పరోటాకు అది కావాలి. పేస్ట్రీకి వద్దు.

వలను ఆపేది కొవ్వు. పిండి రేణువుల చుట్టూ వెన్న ముందుగానే పూతపడితే నీరు ప్రోటీన్ల దాకా తేలిగ్గా చేరదు. కజ్జికాయల మైదాలో కాచిన నెయ్యి ఎందుకు పోస్తారని పిండివంటలు చేసే ఎవరినడిగినా 'గుల్లగా రావడానికి' అంటారు. రసాయనశాస్త్రం చెప్పే జవాబూ అదే.

అయితే పండ్ల పేస్ట్రీకి గుల్లదనం ఒక్కటే చాలదు, పొరలు కూడా రావాలి. అందుకోసం వెన్నను పూర్తిగా పిండిలో కలిపేయకుండా శనగ గింజంత ముక్కలు కొన్ని మిగలనివ్వాలి. అప్పడాల కర్రతో ఒత్తినప్పుడు ఆ ముక్కలు పలుచని రేకులై పిండి మధ్య పరుచుకుంటాయి. అవెన్‌లో రేకు కరుగుతుంది. వెన్నలో 16 శాతం దాకా నీరుంటుంది, అది ఆవిరవుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1.7 లీటర్ల చోటు కోరుతుంది. ఆ ఒత్తిడికి పైపొర కిందిపొర నుంచి విడిపోయి లేస్తుంది. నెయ్యిలో నీరు దాదాపు ఉండదు. అందుకే నేతితో చేసిన పొర గుల్లగా విరుగుతుంది గానీ రేకులుగా లేవదు.

ఫ్రెంచివాళ్లు ఈ పొరల పనిని లెక్కల్లోకి తెచ్చారు. పిండిలో వెన్న పలకను పెట్టి మూడు మడతలుగా మడిచి ఒత్తుతారు. అలా ఆరుసార్లు చేస్తే వెన్న పొరలు 729 అవుతాయి. తూర్పు గోదావరి సీమలో తాపేశ్వరం మడత కాజాలు చేసేవారి చేతిలో ఉన్నది కూడా ఈ విద్యే. ఒత్తిన పిండిని పొరలు పొరలుగా చుట్టి, కోసి, కాగే నూనెలో వేస్తారు. పొరల సందుల్లోకి పాకం చేరుతుంది. వేసవి పండ్లతో ఇంట్లో చేసే టార్ట్‌కు 729 పొరల అవసరం లేదు. ఒకటి రెండు మడతలు చాలు.

అసలు చిక్కు వాతావరణంతోనే. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, 20 దాటితేనే మెత్తబడి రేకుగా నిలవదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో వంటగది ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి. మైదా, గిన్నె, అప్పడాల కర్ర అన్నీ ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లోకి చేరాలి. అరచేతి కంటే వేలి కొసలు చల్లగా ఉంటాయి గనుక వాటితోనే కలపాలి. కలిపిన ముద్దను గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచితే వెన్న మళ్లీ గట్టిపడుతుంది, సాగిన గ్లూటెన్ వల సేదతీరుతుంది. ఆ గంట ఆగని పొర అవెన్‌లో అంచుల నుంచి లోపలికి ముడుచుకుపోతుంది.

2007లో కెంజీ లోపెజ్-ఆల్ట్ అనే వంటల పరిశోధకుడు 'కుక్స్ ఇలస్ట్రేటెడ్' పత్రికలో ఒక ఉపాయం చెప్పాడు. పిండిలో పోసే నీళ్లలో సగం తీసేసి బదులుగా వోడ్కా పోయమన్నాడు. ఆల్కహాల్ తగిలితే గ్లూటెన్ వల అల్లుకోదు, పిండి మాత్రం ఒత్తడానికి వీలుగా తడుస్తుంది, అవెన్ వేడికి ఆల్కహాల్ ఎగిరిపోతుంది. చాలా తెలివైన ఆలోచన. కానీ చల్లదనం సరిగా పాటించేవారికి దాని అవసరం పడదు.

ఏ మామిడి?

బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పీచు లేని గట్టి కండ, పలుచని తోలు, కత్తితో కోస్తే అంచు చెదరని ముక్క. కాల్చడానికి తెలుగు నేల మీద దీన్ని మించిన మామిడి లేదు. చిన్నరసం, పెద్దరసం, చెరుకురసం ఎంత రుచికరమైనవైనా అవెన్‌లోకి పనికిరావు. వాటి గొప్పతనమంతా పిండుకుని తాగే రసంలో, పీచులో ఉంది. కాలిస్తే అవి పళ్లెం నిండా పరుచుకుంటాయి. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురి, అదే కలెక్టర్ కాయ, తీపి తక్కువే గానీ గట్టిదనంలో బంగినపల్లికి తోడు వస్తుంది.

రకం ఎంత ముఖ్యమో పక్వం కూడా అంతే ముఖ్యం. పచ్చికాయలో కణాల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ నీటిలో కరగని రూపంలో ఉంటుంది. పండే కొద్దీ ఎంజైములు దాన్ని కోసి కరిగే రూపంలోకి మారుస్తాయి. వేలితో నొక్కితే లొత్తపడే పండులో ఆ గోడలు అప్పటికే సగం కూలి ఉంటాయి. అవెన్ వేడి మిగతా సగాన్ని కూల్చేస్తుంది. అందుకని టార్ట్‌కు దోరపండే సరైనది. దాంతోపాటు పిడికెడు పచ్చిమామిడి ముక్కలు కలిపితే పెక్టిన్, పులుపు రెండూ చేకూరతాయి. పులుపు ఉన్నచోట పెక్టిన్ అంత త్వరగా కరగదు. చింతపండు పులుసు ముందే పోస్తే కూరముక్క ఉడకదని ఇంట్లో పెద్దలు చెప్పేది ఈ సంగతే. పప్పులో అది ఇబ్బంది, టార్ట్‌లో అదే మేలు.

ఇక సముద్రాల అవతల ఉన్న తెలుగువారి వేసవి వేరు. భారతీయ మామిడికి అమెరికా 2007లో తలుపు తీసింది. పురుగులు చేరకుండా రేడియేషన్ ఇచ్చాకే అక్కడికి పంపుతారు. విమానంలో వచ్చే ఆ పెట్టె బంగినపల్లి ఖరీదైనది, కాల్చడానికి మనసొప్పదు. అట్లాంటా చుట్టూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు జూన్, జూలైలలో దగ్గర్లో దొరికేది జార్జియా పీచ్. దానికీ పై సూత్రమే. సువాసన వచ్చి ఇంకా గట్టిగా ఉన్న పండును ఎంచుకోవాలి.

చక్కెర తోడే రసం

ముక్కల మీద చక్కెర చల్లి పది నిమిషాలు ఆగి చూస్తే ముక్కల అంచులు తళతళలాడతాయి. అరగంటకు గిన్నె అడుగున పలుచని పాకం చేరుతుంది. గంటకు ముక్కలు ఆ పాకంలో తేలుతూ, మొదటికంటే చిన్నవిగా, కాస్త ముడతలుపడి కనిపిస్తాయి. ఇది ద్రవాభిసరణం. కణం లోపలి కంటే బయట చక్కెర గాఢత ఎక్కువ కాబట్టి లోపలి నీరు బయటికి వస్తుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. చక్కెర కలిపిన ముక్కల్ని వెంటనే పిండి పొర మీద పోసి అవెన్‌లో పెడితే ఇదే రసం అవెన్‌లో కారి, పొరను నానబెడుతుంది. అమెరికన్ రచయిత్రి రోజ్ లెవీ బెరన్‌బామ్ 1998లో వచ్చిన 'ది పై అండ్ పేస్ట్రీ బైబిల్' పుస్తకంలో దీనికి చక్కటి విరుగుడు చూపించింది. కిలో ముక్కలకు 100 నుంచి 150 గ్రాముల చక్కెర, ఒక నిమ్మకాయ రసం కలిపి గంటసేపు ఉంచాలి. ఊరిన రసాన్ని వడకట్టి, పొయ్యి మీద సగానికి మరిగించి, చిక్కబడ్డాక మళ్లీ ముక్కల్లో కలపాలి. పోయింది నీరు మాత్రమే. చక్కెర, పులుపు, పండు రుచి గిన్నెలోనే ఉండిపోయాయి. ఆత్రేయపురంలో మామిడి రసాన్ని చాపల మీద పొర మీద పొరగా ఎండబెట్టి తాండ్ర చేసేవారు ఎండతో చేయించే పనిని ఇక్కడ పొయ్యి చేస్తుంది.

మిగిలిన నీటిని కట్టిపడేయడానికి పండులోని పెక్టిన్ చాలదా అని అనుమానం రావచ్చు. 1825లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్రీ బ్రాకొన్నో వేరుచేసి పేరుపెట్టిన ఈ పదార్థం జామ్‌ను గడ్డకట్టిస్తుంది. కానీ అది గట్టి వలగా మారాలంటే చక్కెర 60 శాతానికి మించి ఉండాలి, పి.హెచ్. 3 దగ్గర ఉండాలి. అంత చక్కెర పోస్తే అది జామ్ అవుతుంది, పండు రుచి కనిపించదు. అందుకే టార్ట్‌కు పిండి పదార్థం సాయం కావాలి.

కార్న్‌ఫ్లోర్ రేణువులు 62 నుంచి 72 డిగ్రీల మధ్య నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. చుట్టూ చక్కెర ఉంటే అది కూడా నీటి కోసం పోటీపడుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ వేడి కావాలి. కిలో పండుకు మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ సరిపోతుంది, కాకపోతే అది పాకాన్ని మసకబారుస్తుంది. చెర్రీ, ప్లమ్, నేరేడు లాంటి రంగుపండ్లకు అద్దంలాంటి మెరుపు కావాలంటే మంచిది కర్రపెండలం పిండి. అమెరికాలో పాతకాలం నుంచి పండ్ల పైలలో వాడే 'టపియోకా' ఇదే దుంప నుంచి వస్తుంది. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో తయారయ్యే సగ్గుబియ్యమూ ఈ దుంపదే. సగ్గుబియ్యాన్ని మిక్సీలో మెత్తగా పొడిచేసి జల్లిస్తే చాలు, టార్ట్‌కు కావలసిన చిక్కదనం ఇంట్లోనే ఉన్నట్టు.

అవెన్ లోపల

వేగంగా మొదలుపెట్టాలి. 220 డిగ్రీలకు ముందే వేడెక్కిన అవెన్‌లో, లోపలే కాగిన ఇనుప ట్రే మీద టార్ట్ పళ్లెం పెడితే అడుగు పొరకు వెంటనే వేడి తగులుతుంది. వెన్న కరిగి కారిపోయే లోపే దాని చుట్టూ పిండి గట్టిపడి పొరలు నిలబడతాయి. పావుగంట తర్వాత 190కి తగ్గించాలి. చిన్న ఓటీజీలో కింది కడ్డీ తప్పనిసరిగా వెలగాలి. చాలా ఇళ్లలో పైన ఎర్రగా కాలి కింద పచ్చిగా మిగలడానికి కారణం పై కడ్డీ ఒక్కటే పనిచేయడం. గాజు పళ్లెమైతే ఎత్తి అడుగు రంగు చూసుకోవచ్చు.

ఆ ఎరుపు, ఆ కమ్మటి వాసన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించిన చర్య నుంచి వస్తాయి. ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి వందలాది కొత్త రుచుల్ని పుట్టిస్తాయి. అది చురుగ్గా సాగాలంటే 140 డిగ్రీల దగ్గరికి రావాలి. తడి ఉన్నంతసేపు పిండి పైభాగం 100 దాటదు. అందుకే నానిన అడుగు ఎప్పటికీ ఎర్రబడదు, మామూలు మైక్రోవేవ్‌లో పెట్టింది పాలిపోయి ఉంటుంది. పొర మీద ముందుగా గుడ్డు తెల్లసొన పల్చగా రాసి, రెండు చెంచాల బొంబాయిరవ్వ గానీ బాదంపొడి గానీ చల్లితే తొలి తడిని అవి తాగేస్తాయి. పై పొరను జల్లెడలా అల్లడం అందానికే అనుకుంటారు గానీ, ఆవిరి బయటపడే దారి కూడా అదే.

ఉడికిందో లేదో చెప్పేది బుడగలు. మొదట అంచుల దగ్గర చిన్నచిన్న నీళ్ల బుడగలు వచ్చి టపటపా పేలతాయి. అది పలుచని రసం. కాసేపటికి అవి పెద్దవై, నింపాదిగా ఉబ్బి, మెరుస్తూ ఒక్కొక్కటే పగులుతాయి. మధ్యభాగంలో కూడా అలా కనిపించాకే పిండి పదార్థం పూర్తిగా ఉడికినట్టు. పైన రంగు వచ్చేసిందని అప్పటికి ముందే తీస్తే లోపల రసం నీళ్లలాగే ఉండిపోతుంది. రంగు మరీ ముదురుతుంటే పైన అల్యూమినియం రేకు కప్పితే సరి.

వాసన, రంగు

పీచ్‌కు ఆ వాసన ఇచ్చేవి లాక్టోన్లు, మామిడికి ఇచ్చేవి ముఖ్యంగా టర్పీన్లు. రెండూ వేడికి ఎగిరిపోయే గుణమున్నవే. వంటిల్లంతా ఘుమఘుమలాడుతోందంటే అంత మేరకు టార్ట్‌లో తగ్గినట్టే. స్ట్రాబెర్రీని ఫ్రెంచివాళ్లు సాధారణంగా కాల్చరు. ఖాళీ పొరలో శనగలో బియ్యమో బరువుగా పోసి విడిగా కాల్చి, చల్లారాక మీగడలాంటి కస్టర్డ్ నింపి, పైన పచ్చి పండ్లు అమరుస్తారు. బంగినపల్లికి ఈ రెండు దారుల్నీ కలపడం మేలు. లోపల ఉడికిన ముక్కలు, చల్లారాక పైన ఒక వరస పచ్చి ముక్కలు పెట్టుకుంటే కాలిన తీపి, తాజా వాసన రెండూ దక్కుతాయి.

మామిడి, ఆప్రికాట్ల పసుపు రంగు కెరొటినాయిడ్లది. వేడికి చెక్కుచెదరదు. చెర్రీ, ప్లమ్, నేరేడు రంగు ఆంథోసయనిన్లది. పులుపులో ఎర్రగా, క్షారంలో నీలిగా మారుతుంది. వంటసోడా పడిన పిండిలో నేరేడు గుజ్జు బూడిదరంగుకు తిరగడం అందుకే. నాలుగు చుక్కల నిమ్మరసంతో ఎరుపు నిలుస్తుంది.

ఫ్రాన్స్‌లోని లిమూజాఁ ప్రాంతంలో 'క్లఫూతీ' అనే చెర్రీ వంటకాన్ని గింజలు తీయకుండానే కాలుస్తారు. గింజలోంచి వచ్చే బెంజాల్డిహైడ్ బాదం వాసనను ఇస్తుందని వారి నమ్మకం, అది నిజమే. కానీ అదే గింజలోని అమిగ్డలిన్ విడిపోయినప్పుడు సయనైడు కూడా పుడుతుంది. చెర్రీ, ఆప్రికాట్ గింజల్ని పగలగొట్టి పప్పు తినడం ప్రమాదం. పిల్లలున్న ఇంట్లో గింజలు తీసేయడమే క్షేమం.

కోసే ముందు

అవెన్‌లోంచి తీసిన టార్ట్ లోపల రసం ఇంకా పలుచగానే ఉంటుంది. పిండి పదార్థంలోని అమైలోజ్ పోగులు చల్లారే కొద్దీ ఒకదానికొకటి ముడిపడి నీటిని వలలో బంధిస్తాయి. అందుకు మూడు నాలుగు గంటలు పడుతుంది. వేడివేడిగా కోస్తే రసమంతా పళ్లెంలోకి పారి, అంతవరకు కాపాడుకున్న అడుగు పొర పది నిమిషాల్లో నానిపోతుంది. జల్లి మీద పెట్టి కింద కూడా గాలి తగలనివ్వాలి. లేకపోతే పళ్లెం అడుగున చేరిన ఆవిరి మళ్లీ నీరై పొరలోకి ఇంకుతుంది.

బంగినపల్లి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉంటుంది. కశ్మీర్ చెర్రీలు మే నడుమ నుంచి, హిమాచల్ ప్లమ్‌లు జూన్‌లో హైదరాబాద్ మార్కెట్లకు చేరతాయి. నేరేడు తొలకరితో దిగుతుంది. సీజన్ దాటాక కూడా కాల్చుకోవాలనుకునేవారు దోర మామిడి ముక్కల్ని ట్రేలో విడివిడిగా పరిచి గడ్డకట్టించి, ఆ తర్వాత సంచిలో వేసి దాచుకోవచ్చు. మంచు స్ఫటికాలు కణాల గోడల్ని చీలుస్తాయి కాబట్టి కరిగించినప్పుడు అవి తాజా ముక్కల కంటే ఎక్కువ రసం వదులుతాయి. ఆ రసాన్ని పారబోయకుండా మరిగించి వాడండి, సగ్గుబియ్యం పొడి ఒక చెంచా ఎక్కువ వేయండి.